సూదికి దారం ఎక్కించేవారు: చూపు తగ్గిన పెద్దలకు ఇంటివాళ్ళ తోడు



ఈ పాఠం చూపు తగ్గిన పెద్దవాళ్ళతో ఒకే ఇంట్లో ఉండే కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, మనవళ్ళు, పక్కింటివాళ్ళు, స్నేహితుల కోసం. పుట్టుకతో చూపు లేనివారు చిన్నప్పటి నుంచే తమ పద్ధతులు తాము నేర్చుకుంటారు. యాభైలోనో అరవైలోనో చూపు పోయినవారి సంగతి వేరు. నిన్నటి దాకా పొలానికి పోయి, సంతకు పోయి, పంచాయతీలో నలుగురి మధ్య కూర్చుని మాట్లాడిన మనిషి ఈరోజు సొంత ఇంట్లోనే గడప తడుముకుంటున్నాడు. అతనికీ కొత్తే, ఇంట్లోవాళ్ళకీ కొత్తే. ఎవరికీ ఏం చేయాలో తెలియదు. తెలియనప్పుడు మనం రెండు పనులు చేస్తాం. ఒకటి, అన్నీ మనమే చేసిపెడతాం. రెండోది, ఒక మూల మంచం వేసి కూర్చోబెడతాం. చాలా ఇళ్ళలో మొదటిది కొన్నాళ్ళు నడిచి, మెల్లగా రెండో దాంట్లోకి జారిపోతుంది.

మన పేటల్లో చూపు పోవడానికి కారణాలు వైద్యులకు బాగా తెలిసినవే. శుక్లాలు వస్తే ఆపరేషన్‌తో చూపు తిరిగి వస్తుంది, దాని గురించి భయపడి కూర్చోవాల్సిన పని లేదు. షుగరు వల్ల కంటి వెనక పొర దెబ్బతింటే మాత్రం చాలాకాలం ఏమీ తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే షుగరు ఉన్న ప్రతి మనిషికీ, చూపు బాగానే ఉన్నా సరే, ఏడాదికి ఒకసారి కంటిపాపలో చుక్కలు వేసి లోపలి పొర చూపించాలి. గ్లాకోమా అనే నీటికాసుల జబ్బు ఇంకా మెత్తగా వస్తుంది. పక్కచూపు కొద్దికొద్దిగా తినేస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవడానికి చుక్కల మందు మానకుండా వేసుకోవాలి. ఇంట్లో ఒకరికి నీటికాసులు ఉంటే వాళ్ళ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలి. ఇక వరి కోతల్లో, నూర్పిళ్ళలో కంట్లో గడ్డి గుచ్చుకుని పుండు పడేవాళ్ళు ఉన్నారు. అప్పుడు ఆకు పసరు పోయడం, చనుబాలు పిండటం చేస్తే ఉన్న కన్ను కూడా పోతుంది. ఉన్నట్టుండి కంటి ముందు మెరుపులు కనిపించినా, పరదా దించినట్టు ఒక పక్క చీకటైనా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి, సంత రోజు దాకా ఆగకూడదు.

వైద్యం మాట ఇంతటితో ఆపుతాను. డాక్టరు చేయాల్సింది డాక్టరు చేస్తారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన తర్వాత జరిగేదే మన పాఠం.

పూర్వజన్మ పాపం అనే మాట

ఒక మనిషికి చూపు పోయిందని తెలియగానే వీధిలో మొదట వినిపించే మాట ఏంటో మీకు తెలుసు. "ఏ జన్మలో ఏం పాపం చేశాడో." బౌద్ధం తీసుకున్న ఇళ్ళలో కూడా ఈ మాట అలవాటుగా నోటికి వస్తూనే ఉంది. కొందరు ఇంకో అడుగు వేసి, ఇది బౌద్ధంలోనే ఉంది కదా, చక్ఖుపాలుడి కథ చదవలేదా అంటారు. ఆ కథేంటో చూద్దాం.

చక్ఖుపాలుడు ఒక భిక్షువు. వర్షావాసం మూడు నెలలూ పడుకోకుండా సాధన చేస్తానని నియమం పెట్టుకున్నాడు. మధ్యలో కళ్ళకు జబ్బు చేసింది. వైద్యుడు మందు ఇచ్చి పడుకుని వేసుకోమన్నాడు, ఈయన కూర్చునే వేసుకున్నాడు. చూపు పోయింది. తర్వాత శ్రావస్తిలో జేతవనానికి వచ్చినప్పుడు, వాన వెలిసిన రాత్రి నడకబాటలో తిరుగుతుంటే కాలి కింద పురుగులు పడి చచ్చిపోయాయి. పొద్దున చూసిన భిక్షువులు బుద్ధుడి దగ్గర ఫిర్యాదు చేశారు. బుద్ధుడు వాళ్ళను అడిగింది ఒకటే: అతను చంపుతుంటే మీరు చూశారా? చూడలేదన్నారు. మీరు అతన్ని ఎట్లా చూడలేదో, అతను పురుగులను అట్లాగే చూడలేదు, చంపాలన్న ఉద్దేశం లేని చోట హింస లేదు అని తేల్చాడు. ధమ్మపదంలో మనసే అన్నిటికీ ముందు నడుస్తుందని చెప్పే మొదటి గాథకు అట్ఠకథ చెప్పే సందర్భం ఇదే.

అట్ఠకథ ఇక్కడితో ఆగదు. అంత మంచివాడికి చూపు ఎందుకు పోయిందన్న ప్రశ్నకు, పోయిన జన్మలో వైద్యుడై ఒక ఆడమనిషి కళ్ళు పోగొట్టాడు కాబట్టి అని ఒక తోక తగిలిస్తుంది. అట్ఠకథలు బుద్ధుడి తర్వాత ఎన్నో శతాబ్దాలకు కూర్చినవి. కథలో కనిపించే కారణం కళ్ళ ముందే ఉంది: జబ్బు చేసింది, మందు సరిగ్గా వేసుకోలేదు. దానికి పోయిన జన్మ దాకా వెళ్ళాల్సిన అవసరం ఏముంది?

బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో ఈ విషయాన్ని విడిగా తీసుకుని పరిశీలించారు. పూర్వజన్మ కర్మ ఈ జన్మలో అనుభవించాలన్న సిద్ధాంతం బ్రాహ్మణ సిద్ధాంతమనీ, ఆత్మను ఒప్పుకోని బుద్ధుడి బోధతో అది పొసగదనీ చెప్పారు. ఇది పండితుల తగువు అనుకోవద్దు. మన తాతముత్తాతలను ఊరి బయట ఉంచినప్పుడు చెప్పిన కారణం కూడా ఇదే కదా: పోయిన జన్మలో చేసుకున్నది, అనుభవించండి అని. మన మెడకు కట్టిన తాడును విప్పుకుని వచ్చి, అదే తాడు మన ఇంట్లో చూపు లేని తండ్రి మెడకు కట్టకూడదు. అలా అన్నవాళ్ళను తిట్టాల్సిన పని లేదు, "షుగరు వల్ల వచ్చిందమ్మా, ముందే చూపిస్తే ఆగేది, నువ్వు చూపించుకున్నావా?" అని అడగండి. ఆ మాట అన్నావిడకు కూడా షుగరు ఉండే అవకాశం ఎక్కువే.

గాలి సోకిందనే మాట

ఇది చాలామందికి తెలియని విషయం. తెలియక చాలా ఇళ్ళు భూతవైద్యుల దగ్గర డబ్బు పోసుకున్నాయి.

చూపు బాగా తగ్గిన పెద్దవాళ్ళలో కొందరికి లేని బొమ్మలు కనిపిస్తాయి. గదిలో చిన్నపిల్లలు తిరుగుతున్నట్టు, గోడ మీద పూల అల్లికలు పాకుతున్నట్టు, టోపీలు పెట్టుకున్న మనుషులు వరసగా నిలబడినట్టు. వాళ్ళు మాట్లాడరు, కదిలి పోతుంటారు అంతే. దీనికి చార్లెస్ బోనే సిండ్రోమ్ అని పేరు. 18వ శతాబ్దంలో స్విట్జర్లాండ్‌కు చెందిన బోనే తన తాతకు ఇలా కనిపించడం గమనించి రాశాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. కళ్ళ నుంచి రావాల్సిన సమాచారం తగ్గిపోతే మెదడు తన దగ్గరున్న బొమ్మలతో ఖాళీ నింపుకుంటుంది. ఇందులో గాలి లేదు, ధూళి లేదు, చేతబడి లేదు. పిచ్చి కూడా కాదు. ఆ పెద్దాయనకు అది నిజం కాదని మామూలుగా తెలుస్తూనే ఉంటుంది. చెబితే పిచ్చివాడంటారని భయపడి లోపల దాచుకుంటాడు.

కాబట్టి మీరే అడగండి. "నాన్నా, ఎవరైనా లేనివాళ్ళు కనిపిస్తున్నారా? చూపు తగ్గినవాళ్ళకి అట్లా కనిపిస్తుందట, భయం లేదు" అని చెప్తే చాలు, చాలామందికి సగం భారం దిగుతుంది. కనిపించినప్పుడు కళ్ళు గట్టిగా మూసి తెరవడం, చూపు పక్కకు తిప్పడం, లైటు వేయడం చేస్తే బొమ్మలు పోవచ్చు. కొన్ని నెలలకు వాటంతటవే తగ్గేవీ ఉంటాయి. మాటలు కూడా వినిపిస్తున్నాయంటే, మనుషులను గుర్తుపట్టకుండా తికమకపడుతుంటే అది వేరే జబ్బు, డాక్టరుకు చెప్పాలి. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ బొమ్మల సంగతి కూడా దాచకుండా చెప్పండి.

కలామ సుత్తంలో బుద్ధుడు చెప్పింది మనం ప్రతి ధమ్మ తరగతిలో చదువుతాం: నలుగురూ అంటున్నారని నమ్మవద్దు, పరీక్షించి చూడు. తాయెత్తు కట్టించాలని మేనత్త పట్టుబట్టిన రోజు ఆ సుత్తం మీ ఇంట్లో పనికి రావాలి.

అనురుద్ధుడి సూది

చైనా భాషలో భద్రపడిన ఆగమ గ్రంథాల్లో అనురుద్ధ భిక్షువు గురించి ఒక కథ ఉంది. బుద్ధుడు చెబుతుండగా కునుకు తీసి, మందలింపు పడ్డాక, ఇక నిద్రపోనని పట్టుబట్టి కళ్ళు పోగొట్టుకున్నాడు. వైద్యుడు జీవకుడు నిద్రపోతే తప్ప నయం కాదన్నా వినలేదు. చూపు పోయిన తర్వాత ఒకరోజు తన చీవరం తానే కుట్టుకుంటున్నాడు. సూదిలో దారం ఎక్కించడం మాత్రం చేతకాలేదు. పుణ్యం కోరేవారు ఎవరైనా ఈ దారం ఎక్కించిపెట్టండి అనుకున్నాడు. వచ్చి దారం ఎక్కించింది స్వయంగా బుద్ధుడు. లోకంలో మంచిపని కోరేవాళ్ళలో నాకంటే ముందున్నవాడు ఎవరని అన్నాడట.

మామూలుగా ఈ కథను బుద్ధుడి వినయానికి ఉదాహరణగా చెప్తారు. నేను ఇంకో దగ్గర ఆగుతాను. బుద్ధుడు చీవరం లాక్కుని తానే కుట్టేయలేదు. దారం ఎక్కించి సూది తిరిగి అనురుద్ధుడి చేతికి ఇచ్చాడు. కుట్టడం అనురుద్ధుడికి వచ్చు, చేతివేళ్ళకు వచ్చు. కంటితో తప్ప కాని పని ఆ ఒక్క దారమే.

ఇంట్లో మనం చేసే తప్పు ఎక్కడుందో ఇప్పుడు చూడండి. అమ్మకు చూపు తగ్గిందని వంటింట్లోంచి పంపించేస్తాం. నలభై ఏళ్ళు వండిన చేతులు అవి. కూర వేగిందో లేదో వాసనతో చెప్తుంది, ఉప్పు చేత్తో కొలుస్తుంది. ఆమెకు కావాల్సింది ఏంటంటే ఉప్పు డబ్బా, కారం డబ్బా రోజూ ఒకే చోట ఉండటం, కారం డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు చుట్టి ఉండటం, స్టవ్ నాబ్ ఎక్కడ ఆపాలో తెలిసేట్టు ఒక చుక్క అంటించి ఉండటం. దారం ఎక్కించడమంటే ఇదే. కత్తిపీట దగ్గర, నూనె మూకుడు దగ్గర జాగ్రత్త కావాలి, నిజమే. ఆ రెండు పనులు వేరేవాళ్ళు చేయండి. కూరగాయలు ఒలవడం, పప్పు ఏరడం చేతివేళ్ళ పని.

సామాను చోటు మార్చవద్దు. ఇది మొదటి నియమం. కుర్చీ జరిపితే చెప్పండి. తలుపులు పూర్తిగా తెరిచి ఉంచండి, లేదా పూర్తిగా మూయండి. సగం తెరిచిన తలుపు అంచు నుదుటికి తగులుతుంది. నడవలో చెప్పులు, బిందెలు, పిల్లల సైకిలు పెట్టకండి. కొద్దిగా చూపు మిగిలినవారికి వెలుతురు పెంచితే చాలా తేడా వస్తుంది. గడపకు, మెట్ల అంచులకు తెల్ల రంగో పసుప్పచ్చ రంగో వేయండి. తెల్ల పళ్ళెంలో తెల్లన్నం వాళ్ళకు కనబడదు, ముదురు రంగు పళ్ళెం వాడండి. భోజనం పెట్టేటప్పుడు "అన్నం మధ్యలో ఉంది, పప్పు కుడిపక్క, పచ్చడి పైన, మజ్జిగ గ్లాసు ఎడమ చేతి దగ్గర" అని ఒక్కసారి చెప్తే ఆయన తన భోజనం తాను తింటాడు. కలిపి ముద్దలు పెట్టాల్సిన అవసరం లేదు.

మాట్లాడే తీరు గురించి. గదిలోకి వచ్చినప్పుడు "నేను, సుజాతను, వచ్చాను మామయ్యా" అనండి. గొంతు పట్టి కనుక్కో చూద్దాం అనే ఆట పెట్టవద్దు, అది పిల్లలకు సరదా, ఆయనకు పరీక్ష. వెళ్ళిపోయేటప్పుడు చెప్పి వెళ్ళండి. ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉండిపోయిన మనిషికి ఆ తర్వాత కలిగే సిగ్గు చూపు ఉన్నవాళ్ళకు అర్థం కాదు. ఆయన పక్కన ఉండగా "ఈయనకి టీ కావాలా?" అని మీ మొహం చూసి అడిగేవాళ్ళు వస్తారు. "ఆయన్నే అడగండి" అనండి. "అదిగో అక్కడ" అనే మాట పనికిరాదు. "నీ కుడిచేతి వైపు, రెండడుగుల్లో" అనాలి. చూడటం, కనబడటం అనే మాటలు వాడటానికి మాత్రం సంకోచం వద్దు. వాళ్ళు కూడా టీవీ చూశాననే అంటారు.

ఇక నడిపించడం. మనలో చాలామంది చేయి పట్టి ముందుకు లాగుతారు, లేకపోతే వెనక నుంచి నెడతారు. రెండూ తప్పే. మీ మోచేతికి పైన ఆయన పట్టుకోవాలి, మీరు అర అడుగు ముందు నడవాలి. అప్పుడు మీ ఒంటి కదలిక వల్లే మలుపు, ఎత్తు, పల్లం ఆయనకు తెలిసిపోతాయి. మెట్లు వచ్చినప్పుడు ఆగి, ఎక్కేవో దిగేవో చెప్పాలి. ఇరుకు సందు వస్తే మీ చేయి వెనక్కి పెట్టండి, ఆయన మీ వెనకాలకు వస్తాడు. కూర్చోబెట్టాలంటే భుజాలు పట్టి కుర్చీలోకి అదమకండి. ఆయన చేతిని కుర్చీ వీపు మీద పెట్టండి, తానే కూర్చుంటాడు. తెల్లకర్ర వాడకం నేర్పేవాళ్ళు ఉన్నారు. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చూపు తిరిగి రానివారికి ఇలాంటి శిక్షణ ఇచ్చే పునరావాస విభాగం ఉంది. కర్ర పట్టుకుంటే నలుగురికీ తెలిసిపోతుందని సిగ్గుపడేవాళ్ళను తొందరపెట్టవద్దు. అయితే ఆ సిగ్గు మీది కాకుండా చూసుకోండి. కొన్ని ఇళ్ళలో కర్ర వద్దనేది ఆ మనిషి కాదు, ఊళ్ళో పరువు పోతుందనుకునే కొడుకు.

డబ్బు విషయంలో కూడా అంతే. కొత్త నోట్లు విలువను బట్టి పొడవు మారుతాయి. వంద నోటు అంచుల్లో నాలుగు ఏటవాలు గీతలు, ఐదొందల నోటుకు ఐదు గీతలు వేలికి తగులుతాయి. రెండొందల నోటుకు నాలుగు గీతల మధ్య రెండు చిన్న వృత్తాలు ఉంటాయి. నోటు నలిగిపోతే ఇది కష్టమే. స్మార్ట్ ఫోన్ ఉంటే రిజర్వు బ్యాంకు 2020లో విడుదల చేసిన 'మణి' యాప్ నోటు విలువ పైకి చెప్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే సదుపాయం తెర మీద ఉన్నదంతా చదివి వినిపిస్తుంది. నేర్పడానికి ఓపిక ఉన్న మనవరాలు ఒకతె చాలు.

కర్ర కొన ఎవరి చేతిలో ఉండాలి

చక్ఖుపాలుడి కథలో చాలామంది వదిలేసే భాగం ఒకటి ఉంది. ఆయన్ను శ్రావస్తికి నడిపించుకురావడానికి మేనల్లుడు పాలితుడు వచ్చాడు. కర్ర ఒక కొన పెద్దాయన చేతిలో, రెండో కొన కుర్రవాడి చేతిలో. దారిలో అడవిలో ఒక అమ్మాయి పాట విని, ఇక్కడే ఉండండి, ఇప్పుడే వస్తానని చెప్పి ఆ కుర్రవాడు వెళ్ళి శీలం తప్పి వచ్చాడు. పెద్దాయన అడిగి విషయం తెలుసుకున్నాడు. నీలాంటివాడు నా కర్ర కొన పట్టుకోవద్దు అన్నాడు. అడవిలో కళ్ళు లేకుండా ఒక్కడే ఎట్లా ఉంటారని మేనల్లుడు బతిమాలినా ఒప్పుకోలేదు. ఇక్కడే పడి చచ్చినా సరే గానీ నీతో రాను అన్నాడు. తర్వాత మరో బాటసారి తోడుతో శ్రావస్తి చేరాడని కథ.

ఒకరి మీద ఆధారపడ్డ మనిషికి కూడా, తన కర్ర ఎవరు పట్టుకోవాలో చెప్పే హక్కు ఉంది. మన ఇళ్ళలో ఇది జరుగుతోందా?

రెండో శీలం గుర్తు చేసుకోండి: ఇవ్వనిది తీసుకోకుండా ఉండటం. చూపు లేని తండ్రి పింఛను సొమ్ము ఎవరి జేబులోకి పోతోంది? ఆయన వేలిముద్ర వేయించిన కాగితంలో ఏం రాసి ఉందో పూర్తిగా చదివి వినిపించారా? "ఏదో ఆసుపత్రి కాగితం నాన్నా, ఇక్కడ వేలు పెట్టు" అని చెప్పి ఎకరం పొలమో, ఇంటి జాగానో రాయించుకున్న కొడుకుల కథలు ఊళ్ళల్లో వింటూనే ఉన్నాం. సగం వాటా ఎట్లాగూ వాడికే వస్తుంది కదా అంటారు. వచ్చేదైనా ఇచ్చేదాకా తనది కాదు. పంచశీల పొద్దున పఠించి మధ్యాహ్నం రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోతే ఆ పఠనానికి ఏం విలువ? కాగితం ఏదైనా ఇంటివాళ్ళు కాని, ఆస్తితో సంబంధం లేని ఒకరు గట్టిగా చదివి వినిపించాలి. మన సంఘంలో చదువుకున్న పిల్లలు ఈ పని చేయవచ్చు. బ్యాంకులో ఖాతా తన పేరునే ఉండాలి. చూపు లేదన్న కారణంతో చెక్కుబుక్కు, ఏటీఎం కార్డు, లాకరు నిరాకరించకూడదని రిజర్వు బ్యాంకు 2008లోనే బ్యాంకులకు చెప్పింది.

ఓటు కూడా తనదే. ఎన్నికల నియమాల ప్రకారం చూపు లేని ఓటరు 18 ఏళ్ళు నిండిన తోడును వెంట తీసుకుపోవచ్చు. ఆ తోడు ఎవరో ఎంచుకునేది ఓటరే, పార్టీ మనిషి కాదు. ఓటింగ్ యంత్రం మీద బ్రెయిలీ అంకెలు ఉంటాయి. ఓటు కోసం బాబాసాహెబ్ ఎంత పోరాడారో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు; అమ్మ ఓటు మీరు వేసి "ఎవరికేస్తే ఏంటిలే" అనవద్దు.

నాలుగో శీలం దగ్గర కూడా ఒక చిక్కు ఉంది. డాక్టరు చూపు తిరిగి రాదని చెప్పాక, ఇంట్లోవాళ్ళు "ఇంకో ఆపరేషన్ చేస్తే వస్తుందంట" అని ఏళ్ళ తరబడి చెప్తుంటారు. ప్రేమతోనే చెప్తారు. కానీ చూపు వస్తుందని ఎదురుచూసే మనిషి కర్ర నేర్చుకోడు, ఫోను నేర్చుకోడు. ఆ అబద్ధం ఖరీదు ఆయన జీవితంలోని ఏళ్ళు. నిజం ఒకేసారి కాకపోయినా, పక్కన కూర్చుని, చేయి పట్టుకుని చెప్పాలి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఆ రోజు ఉపదేశాలు వద్దు. వారాల తరబడి తిండి సహించక, నిద్ర పట్టక, చావాలని ఉందంటుంటే అది కుంగుబాటు జబ్బు, దానికీ వైద్యం ఉంది.

చేసే చేతులు అలిసిపోతే

వినయ పిటకంలో అందరికీ తెలిసిన ఘట్టం. బుద్ధుడు, ఆనందుడు వసతులు చూస్తూ వెళ్తుంటే ఒక భిక్షువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. ఎవరూ నిన్ను చూడటం లేదా అని అడిగితే, నేను ఎవరికీ ఏమీ చేయలేదు, అందుకే నన్ను ఎవరూ చూడరు అన్నాడు. ఆనందుడు నీళ్ళు తెచ్చాడు, బుద్ధుడు పోశాడు, ఆనందుడు కడిగాడు. తలవైపు బుద్ధుడు, కాళ్ళవైపు ఆనందుడు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత భిక్షువులందరినీ పిలిచి, మీకు అమ్మానాన్నలు లేరు, మీకు మీరే ఒకరినొకరు చూసుకోవాలని చెప్పాడు. తనకు సేవ చేయాలనుకునేవాళ్ళు రోగికి చేయమన్నాడు.

నేను ఎవరికీ పనికిరాను, అందుకే నన్ను ఎవరూ చూడరు. చూపు పోయిన పెద్దవాళ్ళ నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నాం! ఒక మనిషి పనికొస్తేనే చూడాలనే లెక్కను బుద్ధుడు ఆ రోజు తన చేత్తో నీళ్ళు పోసి కొట్టేశాడు.

ఇంకో సంగతి కూడా అందులో ఉంది. ఆ పని ఒక్కడు చేయలేదు, ఇద్దరు చేశారు. మన ఇళ్ళలో మొత్తం ఒక్క మనిషి మీదే పడుతుంది, ఆ మనిషి సాధారణంగా కోడలు. కొడుకు పట్నంలో పనికి పోతాడు, కూతుళ్ళు అత్తగారిళ్ళలో ఉంటారు. కోడలు పొద్దున కూలికి పోయి వచ్చి, రాత్రి మామయ్యను బాత్రూముకు తీసుకుపోయి, చుక్కల మందు వేసి పడుకుంటుంది. ఆమె ఒకరోజు విసుక్కుంటే ఊరంతా ఆమె గుణం గురించి మాట్లాడుతుంది. కొడుకు గురించి ఎవరూ మాట్లాడరు. స్త్రీ పురుషుల సమానత్వం గురించి మన సభల్లో ఇచ్చే ఉపన్యాసాలు ఇక్కడికి వచ్చి పరీక్షకు నిలబడాలి. అనురుద్ధుడు, నందియుడు, కింబిలుడు ముగ్గురూ ఒకేచోట ఉన్నప్పుడు ముందు వచ్చినవాడు ఆసనాలు వేసి నీళ్ళు పెట్టేవాడనీ, చివర వచ్చినవాడు ఊడ్చి సర్దేవాడనీ సుత్తాల్లో ఉంది. బరువైన కుండ అయితే మాటకూడా లేకుండా ఇద్దరు కలిసి ఎత్తేవారు. చుక్కల మందు పొద్దున ఎవరు, రాత్రి ఎవరు, ఆసుపత్రికి ఎవరు, ఆదివారం కోడలికి సెలవు ఇచ్చి ఆయన దగ్గర ఎవరు కూర్చుంటారు అన్నది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. దూరంగా ఉన్న కూతురు రోజూ సాయంత్రం ఫోను చేసి పేపరు చదివి వినిపించినా అది వాటాయే.

స్నేహితుల మాట కూడా చెప్పాలి. చూపు పోయిన ఏడాదికి ఇంటికి వచ్చేవాళ్ళు తగ్గిపోతారు. ఏం మాట్లాడాలో తెలియక రారు. సిగాలోవాద సుత్తం మంచి స్నేహితుడి గుర్తుల్లో, ఆపదలో విడిచిపెట్టకపోవడాన్ని లెక్కపెట్టింది. వెళ్ళి మునుపు మాట్లాడుకున్నవే మాట్లాడండి: వానలు, పంటలు, పక్కూరి తగువులు. టీ కొట్టు దాకా మోచేయి ఇచ్చి తీసుకుపోండి.

ప్రభుత్వ కాగితాలు చప్పున చెప్పేస్తాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో చూపు పూర్తిగా లేకపోవడం, తక్కువ చూపు రెండూ ఉన్నాయి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉందని సదరం శిబిరంలో నిర్ధారణ అయితే పింఛనుకు, యూడీఐడీ కార్డుకు దారి దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 2023లో దాన్ని 4,016 చేశారు. పూర్తిగా చూపు లేనివారికీ, వెంట వెళ్ళే తోడుకూ రైల్లో రాయితీ ఉంది. శిబిరం రోజు ఆధార్, పాత ఆసుపత్రి చీటీలు అన్నీ ఒక సంచిలో పెట్టుకుని పొద్దున్నే పోండి.

విహారంలో వారి చోటు

వందనకు అమ్మను ఎందుకు తీసుకురాలేదంటే "ఆమెకు కనబడదు కదండీ" అంటారు. ధమ్మం కళ్ళతో చదివేదిగా పుట్టలేదు. బుద్ధుడి తర్వాత కొన్ని శతాబ్దాల పాటు త్రిపిటకమంతా నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి నడిచింది. దాన్ని రాసింది క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలో శ్రీలంకలో. పాళీ భాషలో పండితుణ్ణి బహుస్సుతుడు అంటారు, అంటే ఎక్కువ విన్నవాడు అని. ఆనందుడికి ఉన్న పేరు అదే. త్రిశరణం, పంచశీల, బుద్ధ వందన కంఠతా వచ్చిన పెద్దామె మన విహారంలో వందన చెప్పించడానికి ఏం అడ్డం? పుస్తకం చూసి చదివేవాళ్ళకంటే ఆమెకే తప్పులు తక్కువ పోతాయి.

బాబాసాహెబ్ చివరి ఏళ్ళు గుర్తు చేసుకోండి. మధుమేహం, తగ్గుతున్న చూపు, కాళ్ళ నొప్పులు. ఆ స్థితిలో 'బుద్ధుడు, ఆయన ధమ్మం' పూర్తిచేశారు. అది అచ్చయి వచ్చింది ఆయన పోయాక, 1957లో. ఆయన రాసిన పుటలను టైపు చేసిన నానక్ చంద్ రత్తు, వైద్యురాలైన సవితా అంబేద్కర్ పక్కన ఉన్నారు. వాళ్ళు ఆయన బదులు ఆలోచించలేదు, ఆయన పని ఆగకుండా చూశారు.

అక్టోబరు 14న మనం ధమ్మచక్ర ప్రవర్తన దినం జరుపుకుంటాం. ఆ మర్నాడే, అక్టోబరు 15, తెల్లకర్ర దినం. ఈసారి 14 నాటి సభకు మీ పేటలో చూపు తగ్గినవాళ్ళందరినీ తీసుకురండి. ఎవరిని ఎవరు తీసుకురావాలో ముందు వారమే పేర్లు రాసుకోండి, ఎవరితో రావాలో వాళ్ళనే అడిగి రాయండి. వేదిక దగ్గర కాకుండా మైకు సరిగ్గా వినిపించే చోట కుర్చీలు వేయండి. పూలు పెట్టేటప్పుడు వాళ్ళ చేతిని బుద్ధ విగ్రహం పాదాల దాకా తీసుకుపోయి, అక్కడి నుంచి వదిలేయండి. కొవ్వొత్తి వెలిగించేటప్పుడు అగ్గిపెట్టె వాళ్ళకే ఇచ్చి, వత్తి ఎక్కడుందో చెప్పండి. ఆ రోజు త్రిశరణం ఎవరు చెప్పించాలో ఇప్పుడే అనుకుని, ఆ అమ్మ ఇంటికి వెళ్ళి అడగండి. వద్దంటే వచ్చే నెల మళ్ళీ అడగండి.